టవరుకు కాసిన చిక్కుడు

సెల్‌ఫోనులో ఒక బొమ్మ లక్షమంది కళ్లబడితే ఏ పనైనా జరిగి తీరుతుందని ఇప్పుడు ఊరూరా ఒక నమ్మకం ఉంది. అర్జీ పెట్టుకున్నవాడు తిరుగుతూనే ఉంటాడనీ, వైరల్ అయినవాడి గుమ్మంలోకి జీపు వస్తుందనీ జనం అనుకుంటారు. మాకు రోడ్డు పడిందని ఒకరు, మాకు పింఛను వచ్చిందని మరొకరు సాక్ష్యం పలుకుతారు. లక్షమంది చూసినా ఏమీ జరగని బొమ్మలెన్నో ఎవరూ రాసిపెట్టరు. పాడేరుకు ఎగువన, ఇరవై ఎనిమిది గడపలున్న నేరెడిపుట్టులో ఈ నమ్మకం అందరికంటే గట్టిగా ఉన్నది గంగాభవానికి. ఆమెకు ఇరవై మూడేళ్లు, డిగ్రీ పూర్తయింది, ప్రస్తుతం కాఫీ పళ్లు కోస్తోంది. తన నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి ఆమెకు దొరికిన గడువు వారం రోజులు.

గడువు సంగతి చదివి వినిపించినవాడు రేషన్ డిపో సేల్స్‌మన్ కొండబాబు. డిసెంబరు ఇరవై నాలుగో తేదీ ఉదయం అతను సిగ్నల్ బండ మీద నిలబడి, వేలిముద్రల మిషనును పసిబిడ్డలా రెండు చేతులా పైకెత్తి, గీతలు వచ్చేవరకూ అటూ ఇటూ తిప్పుతున్నాడు. బండ ఊరికి రెండు కిలోమీటర్ల ఎగువన ఉంది. ఆఖరి నలభై అడుగులూ చేతులు కూడా ఆనించి ఎక్కాలి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు ఫోను పలికేది అక్కడ మాత్రమే. బియ్యం కార్డులో పేరున్న ప్రతివారూ నెలాఖరులోగా ఒకసారి మిషను మీద వేలు పెట్టాలనీ, పెట్టనివారి పేరు కార్డులోంచి పోతుందనీ పైనుంచి కాగితం వచ్చింది. నేరెడిపుట్టులో ఇంకా ఏడు పేర్లు మిగిలాయి. ఏడూ ముసలివాళ్లవే. మొదటి పేరు తవిటమ్మ, గంగాభవానికి మామ్మ, అంటే నాయన తల్లి. చివరి పేరు సోములు, తవిటమ్మకు తమ్ముడు. దిగువ కాఫీ తోటలో గుడిసె వేసుకుని కాపలా ఉంటాడు.

"ముసిల్దాన్ని మళ్లీ ఒకపాలి తీసుకురారాదేటే?" అన్నాడు కొండబాబు, పక్కన నిలబడ్డ గంగాభవానితో.

వానల్లో జారిపడి తవిటమ్మ మడమ విరిగింది; వెదురు బద్దల కట్టు ఇంకా విప్పలేదు. కిందటి నెల నలుగురు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి బండ దాకా మోశారు, పైకి లాగారు. మిషను ఆమె బొటనవేలిని పదకొండుసార్లు కాదంది. తర్వాత వాన పట్టుకుంది. ఇంటికి చేరాక తవిటమ్మ చీర కొంగు పిండుకుంటూ ఒకే మాట అంది: "బతికుండగా నలుగురు మొయ్యడం ఒక్కపాలి సాలు. రెండోపాలికి నాను సూడను, మీరే సూసుకోండి."

ఇందులో గంగాభవానిని రగిలించే విషయం ఒకటుంది. తవిటమ్మ పెరట్లోనే, ఇంటి గోడకు పదిహేను అడుగుల దూరంలో, సెల్ టవరు ఉంది. రెండేళ్ల క్రితం కంపెనీవాళ్లు ఇనుప స్తంభం నిలిపి, ఎండ పలకలు బిగించి, చుట్టూ కంచె వేసి, పెట్టెకు తాళం పెట్టి వెళ్లారు. ఇంతవరకూ అది ఒక్క గీత కూడా ఇవ్వలేదు. ఎదురుచూసి విసిగిన తవిటమ్మ కంచె మొదట్లో తమ్మ చిక్కుడు గింజలు నాలుగు పాతింది. తీగ కంచె ఎక్కింది, కంచె మీంచి నిచ్చెన ఎక్కింది, ఇప్పుడు మూడు నిలువుల ఎత్తున పూత పూసి, జానెడు పొడవు కాయలు వేలాడదీసింది.

ఆ రోజే గంగాభవాని తొలి ప్రయత్నం చేసింది. మామ్మ కాలి కట్టును దగ్గరగా ఫొటో తీసి, దానికింద పన్నెండు పంక్తులు రాసి, వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. సాయంత్రానికి చూసినవారు నలభై ముగ్గురు. అందులో ముప్పైమంది చుట్టాలు.

మర్నాడు క్రిస్మస్. చర్చికి వెళ్లేవాళ్లతో కిక్కిరిసిన జీపులో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని ఆమె పాడేరు చేరింది. అక్కడ ఫోన్లు బాగుచేసే ధర్మతేజ ఆమెతో కాలేజీలో చదివాడు. 'ఏజెన్సీ నవ్వులు' అనే పేజీ అతనిదే. అరవై వేలమంది దాన్ని అనుసరిస్తారు. అతను భూతద్దం కింద ఒక ఫోను కడుపు విప్పి, పట్టకారుతో వెంట్రుకంత తీగను లేపుతున్నాడు. ఆమె చూపించిన ఫొటోను ఒకే ఒక్క క్షణం చూసి మళ్లీ భూతద్దంలోకి వంగాడు.

"ఏడుపు ఎవుడికీ వొద్దు బవానీ. ఏడుపు సూస్తే ఏలు పైకి తోసేత్తాది. నవ్వొస్తే ఏలు ఆగుద్ది. ఆగిన ఏలే మనకి కావాలి."

పని ఆపకుండానే అతను మెళకువలన్నీ చెప్పాడు. మాటలు ఏడెనిమిదికి మించకూడదు, అవి బొమ్మలోనే ఉండాలి. లేకపోతే వాట్సాప్‌లో చేతులు మారేటప్పుడు బొమ్మ ఒకచోట, మాట ఒకచోట పడతాయి. ఇన్‌స్టాగ్రామ్‌కు నిలువు బొమ్మ, వెనకాల ఏదో ఒక చప్పుడు. ఫేస్‌బుక్‌లో ఉండేది పెద్దవాళ్లు, వాళ్లకు మామ్మ మొహం కనపడాలి. ఆఫీసర్లుండే చోట కంపెనీ పేరు తగిలించాలి. అన్నీ రాత్రి ఎనిమిదికి, జనం తిని కాళ్లు చాపుకున్నాక వెళ్లాలి. ఆఖరున, బొమ్మ మీద ఊరి పేరు ఉండకూడదన్నాడు. అక్కడ గంగాభవాని అడ్డు తగిలింది. ఊరి పేరు లేకపోతే జీపు ఎక్కడికి వస్తుందని ఆమె ప్రశ్న.

"ఊరి పేరెడితే ఆ ఊరోళ్లే నవ్వుతారు. పేరు లేకపోతే ఎవుళ్లకాళ్లు మా ఊరే అనుకుంతారు. ముందు నవ్వనీ. ఏ ఊరని ఆళ్లే అడుగుతారు."

తిరుగు జీపులో ఆమె ఆ మాటను ఊరు చేరేవరకూ తిప్పి తిప్పి చూసుకుంది. అందులో తప్పేమీ కనిపించలేదు.

ఇరవై ఆరో తేదీ మధ్యాహ్నం మంచు విడిచి ఎండ కాసింది. గంగాభవాని మామ్మకు తల దువ్వి, కర్ర అందించి, టవరు కిందికి నడిపించి పీట మీద కూర్చోబెట్టింది. ఆమె ఆలోచన చాలా తేలిక. తమ్మకాయ వంపు తిరిగి, అరచెయ్యంత వెడల్పుతో, అచ్చం పాతకాలపు ఫోను రిసీవరులా ఉంటుంది. ఒక కాయ తెంపి మామ్మ చెవికి ఆనించాలి. ఆమె చెయ్యి చాపిందో లేదో, తవిటమ్మ కర్ర దాని మీద పడింది.

"కొత్త అవకుండా కాయ తెంపుతావేటే? సదివిన సదువు ఎక్కడికి పోనాదే గుంటా?"

కొత్త పంట ఏదైనా సరే, ఊరి దేవతకు పెట్టి పండుగ చేసేవరకూ ఎవరూ నోట పెట్టరు, చేత తెంపరు. మామిడికి, సామకు, కొర్రకు ఉన్నట్టే చిక్కుడుకూ కొత్త పండుగ ఉంది. దినం చూసి చెప్పే భీమన్న, జనవరి నాలుగు ఆదివారం అని అప్పటికే చాటించాడు. అంతకుముందు కాయ తెంపితే చేనంతటికీ పురుగు పడుతుందని ఊరి నమ్మకం. అది నిజమా కాదా అన్నది ఇక్కడ అవసరం లేదు. కాయ తీగను విడిచి రాకపోవడం వల్ల ఏమైందన్నది అవసరం.

గంగాభవాని కాయను తెంపకుండా తీగతో సహా కిందికి వంచింది. తీగ మెలికలు తిరిగి టవరు నుంచి మామ్మ చెవి దాకా సాగింది. రిసీవరుకు తీగ కూడా అమరింది. తవిటమ్మ మొహంలో నవ్వు లేదు. కాయను రెండు చేతులా జాగ్రత్తగా, తెగిపోకుండా పట్టుకుంది.

"ఇప్పుడేటనాలి?"

"నీకు ఫోనొస్తే ఏటంటావో అదే."

"అలో... ఇనబడతందా?" అంది తవిటమ్మ. అని, జవాబు వస్తుందేమో అన్నట్టు నిజంగానే తల ఒక పక్కకు వాల్చి వింది.

పద్నాలుగు ఫొటోల్లో తొమ్మిదోది అది. పైన, 'టవరు వేసి రెండేళ్లు' అనీ, కింద, 'సిగ్నల్ రాలేదు, చిక్కుడు వచ్చింది' అనీ రాసింది. నాలుగున్నరకు బండ ఎక్కి ధర్మతేజకు పంపింది. ఒక నిమిషానికి అతని జవాబు: నవ్వి నవ్వి చేతిలో ఉన్న స్క్రూ పోగొట్టుకున్నాననీ, షాపు నేలంతా వెతుకుతున్నాననీ, రాత్రి ఎనిమిదికి పేజీలో పెడతాననీ.

మర్నాడు పొద్దున్నే ఆమె బండ ఎక్కేసరికి చేతిలో ఫోను, పట్టుకున్న తూనీగలా కొట్టుకోవడం మొదలెట్టింది. చూసినవారు పదకొండు వేలు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పదకొండు వేల నాలుగు వందలు. అక్కడి నుంచి రోజుకు మూడుసార్లు బండ ఎక్కడం, దిగడం. మధ్యలో నడుముకు కట్టుకున్న బుట్టలోకి కాఫీ పళ్లు కోయడం. ఆమె దిగి వస్తూండగానే వరసల్లోంచి ఆడవాళ్లు తలలెత్తేవారు. ఎర్రటి పండును ఆకుపచ్చ కాయ నుంచి వేరుచేసి తుంచే చేతులు ఆగకుండానే, ఎంతైందని అడిగేవారు. అరవై వేలని ఒకసారి, లక్షా పదివేలని ఒకసారి ఆమె కేక వేసి చెప్పేది. లక్ష అన్నప్పుడు పొరుగింటి జయశ్రీ బుట్ట దించి, ఆ లక్షమందినీ మన సంతలో నిలబెడితే ఎక్కడి దాకా వస్తారని అడిగింది. పాడేరు ఘాట్ దాకా అని ఒకరు, కాదు మైదానంలో చోడవరం దాకా అని మరొకరు. ఆ మధ్యాహ్నం కోత మామూలుకంటే రెండు బుట్టలు ఎక్కువైంది.

ఇరవై ఎనిమిదిన లెక్క ఐదు లక్షలు దాటింది. హైదరాబాదు పేజీ ఒకటి ధర్మతేజ పేజీ పేరు కత్తిరించి బొమ్మను తనదిగా వేసుకుంది. ఒకరు టవరు బదులు కరెంటు స్తంభం అతికించారు. ఇంకొకరు చిక్కుడు తీగ చివర పెళ్లికొడుకును కట్టారు. రెండు పార్టీల వాళ్లు ఇది మీ పాలన, కాదు మీ పాలన అని కాయను మధ్యలో పెట్టుకుని తిట్టుకున్నారు. మిద్దెతోటల గుంపులో మూడువందలమంది విత్తనం దొరుకుతుందా అని అడిగారు. ఇది ఏఐ చేసిన బొమ్మ అని, ఏ చిక్కుడూ అంత పెద్దగా ఉండదని, తీగ నీడ తప్పుగా పడిందని ఒకాయన బాణం గుర్తులు వేసి నిరూపించాడు. గంగాభవాని వేళ్లు చలికి కొంకర్లు పోతున్నా ఒక్కొక్కరికీ, ఆవిడ మా మామ్మ అని జవాబు రాసింది. మీ మామ్మ కూడా ఏఐయేనా అని ఒకడు తిరిగి రాశాడు. ఆ ఊరు ఏది అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇరవై తొమ్మిది సాయంత్రం టవరు కంపెనీ ఖాతా నుంచి జవాబు వచ్చింది. అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, స్థలం వివరాలు పంపితే నలభై ఎనిమిది గంటల్లో చర్య తీసుకుంటామనీ. గంగాభవాని ఊరు, పంచాయతీ, మండలం, పిన్‌కోడు అన్నీ రాసి, తప్పుల్లేవని మూడుసార్లు చదువుకుని పంపింది. ఫిర్యాదు నంబరు ఒకటి వచ్చింది. ఆ నంబరును ఆమె బండ దిగుతూ దారి పొడుగునా పైకే వల్లించింది.

ఊరికి ఆ రాత్రి సగం నిద్ర. జీపు తిరగడానికి వీలుగా పెరటి ముందరి కట్టెల మోపులు పక్కకు జరిగాయి. టవరు వెలిగితే కొండబాబు మిషను పట్టుకుని ఇంటింటికీ వస్తాడు. ఏ ముసలివాళ్లూ బండ ఎక్కనక్కర లేదు. మర్నాడు, ఆ మర్నాడు, ఇంకా రెండు రోజులున్నాయి. ఫోను వస్తే మొదట ఎవరితో మాట్లాడతావని మామ్మను అడిగింది గంగాభవాని. సోములుతో మాట్లాడతానంది తవిటమ్మ. దిగువ తోటలో ఒక్కడే ఉంటాడు, తిన్నాడో లేదో తెలీదు అంది. వాడికి ఫోను లేదుగా అని మనవరాలు గుర్తుచేస్తే, "ఆడికి లేకపోతే ఆడి ఖర్మ. నానైతే సేత్తాను," అంది.

ముప్పయ్యో తేదీ పదింటికి జీపు వచ్చింది. అందులోంచి టెక్నీషియన్ లక్ష్మీప్రసాద్, అతని వెనక కత్తి పట్టుకున్న హెల్పరు దిగారు. లక్ష్మీప్రసాద్‌ది విజయనగరం, తెల్ల బూట్లు, మెడలో గుర్తింపు కార్డు. టవరు చుట్టూ తిరిగి, కాయలు చూసి, నవ్వు ఆపుకుని, ఈ మామ్మే కదా అన్నాడు. తవిటమ్మ కర్ర మీద గడ్డం ఆనించి, అవునంది. అతను ఆమెతో ఒక ఫొటో తీసుకున్నాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి గంగాభవానికి ఇచ్చాడు. టవరు చుట్టూ పెరిగిన తీగలను, మొక్కలను తొలగించి, శుభ్రం చేసిన పిదప ఫొటో పంపవలెనని దానిలో ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. అంతకుమించి దానిలో ఏమీ లేదు.

"మరి సిగ్నలో సార్?"

"అది వేరే డిపార్టుమెంటమ్మా. మాకు కంప్లయింటు తీగ మీదే వచ్చింది. బొమ్మలో కనపడింది అదే కదా."

హెల్పరు కత్తి తీగ మొదట్లో ఆనించేలోగా భీమన్న వచ్చి కంచె ముందు నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి, గొంతు పెంచడు. కోస్తే కోసుకోండి, ఆదివారం తరవాత అన్నాడు. ఎందుకని అడిగితే, ఇంకా కొత్త అవలేదన్నాడు. అప్పటికే పదిమంది ఆడవాళ్లు కంచె పొడుగునా కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. చేటలు ఒళ్లో పెట్టుకుని, ఆ పూట చెరగాల్సిన సామలు అక్కడే చెరగడం మొదలెట్టారు. ఎగిరిన పొట్టు హెల్పరు మీద పడింది. అతను కాసేపు నిలబడి, కత్తి పక్కన పెట్టి, వాళ్లతో పాటే కూర్చున్నాడు.

లక్ష్మీప్రసాద్ చెడ్డవాడు కాడు. ఆదివారం దాకా ఆగమని ఆఫీసరు ఒక్క మాట చెబితే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఫోను తీశాడు. గీతల్లేవు. ఇంటి ముందుకు వెళ్లాడు, వెనక్కి వెళ్లాడు, పీట ఎక్కాడు. సిగ్నలు ఎక్కడుంటుందని అడిగాడు. అందరి చేతులూ ఒక్కసారి కొండ మీదికి లేచాయి. అతను మంచులో తేలుతున్న బండను చూశాడు, తన తెల్ల బూట్లను చూసుకున్నాడు, తర్వాత టవరును చూశాడు. జేబులో తాళాలు గలగలమన్నాయి.

పెట్టె తెరుచుకుంది. లోపల దుమ్ము కూడా లేదు. అన్నీ బిగించి ఉన్నాయనీ, బ్యాటరీలు రెండేళ్లుగా ఎండకు నిండుతూనే ఉన్నాయనీ, ఎక్కడో ఒక సంతకం మిగిలిపోయిందనీ చెబుతూనే అతను ఒకదాని తర్వాత ఒకటి మీటలు ఎత్తాడు. టెస్టింగ్ చేసే అధికారం టెక్నీషియన్‌కు ఉంటుందన్నాడు.

"ఐదు నిమిషాలు. ఆఫీసుకి ఒక ఫోను చేసుకుని ఆపేస్తాను."

ఎర్ర దీపం పచ్చ దీపమైంది. పది యాభై రెండు. మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఒక ఇంట్లో గూట్లో పెట్టిన ఫోను కుయ్యిమంది. తర్వాత మరో ఇంట్లో. కాఫీ తోటల్లోంచి, వాగు అవతలి నుంచి, చెట్లకు తగిలించిన సంచుల్లోంచి ఏడాది సందేశాలన్నీ ఒక్కసారి వచ్చి పడుతున్న చప్పుడు. చెరుగుతున్న చేటలు ఆగిపోయాయి.

గంగాభవాని తన ఫోనులో నిండుగా ఉన్న నాలుగు గీతలను చూసింది. ఆమెకు లక్షలు గుర్తుకు రాలేదు. కొండబాబు గుర్తుకొచ్చాడు. గడువు దగ్గరపడిందని అతను మిషను పట్టుకుని ఉదయం నుంచీ బండ మీదే ఉన్నాడు. బండ మీద సిగ్నలుంటుంది. నేరెడిపుట్టు నుంచి పుట్టిన మొదటి ఫోను అదే.

"అన్నా, మిషను ఒట్టుకుని బేగి దిగు. ఊర్లో సిగ్నలుంది."

"పొద్దున్నే ఆటలేటే నాతోటి?"

"ఎక్కడినించి మాటాడతన్నాననుకున్నావు? కిందికి సూడు. మామ్మ పక్కన సెయ్యి ఊపతన్నాను."

అవతల రాళ్లు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆమె జయశ్రీని సోములు కోసం దిగువ తోటకు పరుగెత్తించింది. మిగిలిన ఐదుగురు ముసలివాళ్లనూ ఇళ్లలోంచి ఎవరి మనవళ్లు వాళ్లు నడిపించుకుని వచ్చి పీటల మీద కూర్చోబెట్టారు.

ఇటు లక్ష్మీప్రసాద్‌కు ఆఫీసరు దొరికాడు. వెంటనే కోసి ఫొటో పంపమంటున్న ఆ గొంతు స్పీకరులో అందరికీ వినిపించింది. సార్, వీళ్లు ఒప్పుకోవట్లేదు అని అతను నీళ్లు నమిలాడు. ఇంకో రెండు మాటలైతే ఆ ఫోను పెట్టేస్తాడు. ఫోను పెట్టేస్తే టవరు ఆపేస్తాడు. గంగాభవాని చెయ్యి చాపి, ఎందుకు కోయకూడదో మా పెద్దాయన చెబుతారు సార్ అని వినయంగా చెప్పి, ఫోనును భీమన్న చేతిలో పెట్టింది. పెడుతూ అతని చెవి దగ్గర వంగింది.

"తాతా, మొదట్నించీ సెప్పు. బేగి సెప్పీయకు."

భీమన్న ఆమె వైపు చూశాడు, పీటల మీది ముసలివాళ్ల వైపు చూశాడు. గొంతు సవరించుకుని, గింజను ఏ నెలలో, ఏ దినాన, ఎవరి చేత్తో పాతాలో దగ్గర మొదలెట్టాడు. మామిడి కొత్త ఎప్పుడు, సామ కొత్త ఎప్పుడు, కొర్ర కొత్తకు ఎన్ని ఇళ్ల నుంచి గింజలు రావాలి, దేవతకు పెట్టే కోడి ఏ రంగుది, ఆ రంగు దొరక్కపోతే ఏం చెయ్యాలి. చిక్కుడు దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు ఉండబట్టలేక అడ్డం వచ్చాడు. భీమన్న అతన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, శాంతంగా జవాబిచ్చాడు.

"నువ్వు మద్దిలో ఆపీసినావు బాబూ. మద్దిలో ఆగితే మళ్లీ మొదట్నించీ సెప్పాల."

మళ్లీ గింజ దగ్గర మొదలెట్టాడు. హెల్పరు మొహం తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

పదకొండు పద్నాలుగుకు కొండబాబు వచ్చాడు. మోకాలు చీరుకుపోయింది, ఒక చెప్పు లేదు. మిషను మాత్రం గుండెకు హత్తుకుని ఉంది. ఊపిరి తీసుకోకుండానే పని మొదలెట్టాడు. మొదటి ముసలాయనకు ఒక్క వేలు చాలింది. తర్వాతి ఇద్దరికీ రెండేసి నిమిషాలు పట్టాయి. ఒకామెకు తడిగుడ్డతో వేలు తుడిచి, ఒకామెకు కాస్త నూనె రాసి. ఐదుగురూ అయ్యేసరికి పదకొండు ఇరవై నాలుగు. సోములు ఇంకా రాలేదు.

తవిటమ్మ కుడి బొటనవేలు పెట్టింది. మిషను కాదంది. ఎడమ బొటనవేలు, కాదంది. అరవై ఏళ్లు కలుపు తీసి, కట్టె విరిచి, రోకలి పట్టిన వేళ్లు అవి. గీతలన్నీ అరిగి, నున్నగా గులకరాళ్లలా ఉన్నాయి. కొండబాబు ఒక్కొక్క వేలినీ తుడిచి, నొక్కి, తిప్పి, మళ్లీ నొక్కాడు. కుడి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఆడవాళ్లు చేటలు కింద పెట్టి దగ్గరికి జరిగారు. భీమన్న గొంతు ఒక్కటే రెండోసారి కొర్ర కొత్త దాటి చిక్కుడు వైపు నడుస్తోంది. ఎడమ చూపుడు వేలు, కాదంది. ఎడమ నడిమి వేలు, కాదంది. గంగాభవాని మామ్మ మణికట్టు పట్టుకుంది. ఎడమ ఉంగరపు వేలు. మిషను తిరిగింది, తిరిగింది, పచ్చ గుర్తు చూపించింది.

తవిటమ్మ ఆ వేలిని కంటి దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.

"ఇది ఎప్పుడూ ఏ పనీ సెయ్యలేదే. అందుకే మిగిలిపోనాది," అంది.

నవ్వు కంచె ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. ఆ నవ్వు ఫోనులో ఆఫీసరుకు కూడా వినిపించినట్టుంది. అతను ఓడిపోయిన గొంతుతో, సరే, ఆదివారం తర్వాతే కోయండి, ముందా టవరు ఆపెయ్యండి, పర్మిషను లేదు అన్నాడు. లక్ష్మీప్రసాద్ ఫోను జేబులో పెట్టుకుని పెట్టె దగ్గరికి నడిచాడు. ఇంకొక్క మనిషి వస్తున్నాడు, పది నిమిషాలాగమని గంగాభవాని అడిగింది. అతను మీట మీద చెయ్యి ఉంచి, దిగువ దారి వైపు చూస్తూ మూడు నిమిషాలు నిలబడ్డాడు. దారిలో ఎవరూ కనబడలేదు. పదకొండు ముప్పై మూడుకు పచ్చ దీపం ఆరింది.

జయశ్రీ చెయ్యి పట్టుకుని సోములు పదకొండు నలభై ఐదుకు పెరట్లోకి వచ్చాడు. తలపాగా తీసి, ఎక్కడ వేలు పెట్టాలని అడిగాడు.

ముప్పై ఒకటిన గంగాభవాని, మరో ముగ్గురు కలిసి సోముల్ని సిగ్నల్ బండ పైకి ఎక్కించారు. ఆ రోజు సర్వరు పనిచెయ్యలేదు. సాయంత్రం ఐదు దాకా కూర్చుని దిగారు.

నాలుగో తేదీ ఆదివారం చిక్కుడు కొత్త జరిగింది. తవిటమ్మ పెరటి కాయలు దేవతకు పెట్టాక ఇరవై ఎనిమిది ఇళ్లలోనూ వండుకున్నారు. ఐదో తేదీన హెల్పరు వచ్చి తీగ కోశాడు. శుభ్రం చేసిన టవరు ఫొటో కంపెనీ ఖాతాలో వచ్చింది. కింద, సమస్య పరిష్కారమైంది అని రాసి ఉంది. అప్పటికి చిక్కుడు బొమ్మను చూసినవారు ఇరవై మూడు లక్షలు. టవరు మళ్లీ వెలగలేదు.

ఆ నెల బియ్యం ఏడో తేదీన ఇచ్చారు. జాబితాలో సోములు పేరు లేదు. తవిటమ్మ పేరున ఐదు కిలోలు వచ్చాయి. వాటిలో రెండున్నర కిలోలు గంగాభవాని దిగువ తోటలోని గుడిసెలో ఇచ్చి వచ్చింది.